సడలింపు మీద మా మామగారి అనుమానం

మామగారు పోయారని మొన్న మణుగూరు దవాఖానా నుంచి మా ఆయన ఫోన్ చేసినప్పుడు నా నోట వచ్చిన మొదటి మాట, "ఎవరు చూసిండ్రు?" అడిగాక నాకే సిగ్గేసింది. అది ఆయన మాట. గ్యాస్ కట్టేశానన్నా, పాలు కాగాయన్నా అదే అడిగేవారు.

ఆయన హైదరాబాద్‌లో విమానాల మెకానిక్. ఆయన చూసి సంతకం పెడితేనే విమానం కదిలేది. సెలవుకు మా ఊరు పినపాక వచ్చినా ఆ చూపు మారేది కాదు. చెప్పులు దులపకుండా వాటిలో కాలు పెట్టేవారు కాదు.

కరోనా మొదటి ఏడు విమానాలు ఆగిపోయి నెలల తరబడి ఇంట్లోనే ఉన్నారు. రెండేళ్లకోసారి ఇచ్చే శిక్షణ కూడా ఆగింది. అంతలో ఆఫీసు నుంచి ఉత్తరం: శిక్షణ గడువు దాటినవాళ్లు కూడా కొన్నాళ్లు సంతకం పెట్టవచ్చు, ఇది సర్కారు ఇచ్చిన తాత్కాలిక సడలింపు, వెంటనే రావాలి.

"సడలింపట! నట్టు సడలితే బిగిస్తం. దీన్నేం జెయ్యాలె?" అన్నారు.

"సర్కారే సరే అన్నంక నీకేం నొప్పి? కొలువు పోగొట్టుకుంటవా ఏంది?" అని అత్తమ్మ కసిరింది.

"కాగితానికి గడువు పెంచిండ్రు. నా చేతులకెవరు పెంచిండ్రు?"

ఆ మధ్యాహ్నం, తాను తెలుగులో రాసుకున్న నోట్‌బుక్ నా చేతిలో పెట్టారు. "నేను చూడకుండ చెప్త. తప్పులు పట్టు బిడ్డా."

"నేను ఐదో తరగతే మామయ్యా."

"మంచిదే. జల్దీ చదివెటోళ్లు వరుసలు దాటేస్తరు."

ఆగిన విమానాన్ని మళ్లీ ఎగరనిచ్చే ముందు చూడాల్సినవన్నీ చెప్పుకుపోయారు. నేను వేలు పెట్టి కూడబలుక్కుంటున్నాను. వేగం కొలిచే సన్న గొట్టంలో కందిరీగ మట్టిగూడు పెట్టిందేమో చూడాలి అన్న వరుస ఆయన దాటేశారు. మామగారి తప్పు కోడలెలా చెప్తుంది? వేలు ఆ వరుస మీదే ఉంచాను.

"ఏంది, నీ వేలు గక్కడ్నే ఆగింది?"

నోట్‌బుక్ తిప్పి చూపించాను. ఆయన ముఖం తెల్లబోయింది. అక్కడే కూర్చుని పై అధికారికి ఫోన్ చేశారు. "వస్త సార్. స్టోర్‌రూమ్‌ల కూసోబెట్టినా సరే, తీసేసినా సరే. ట్రైనింగ్ అయినంకనే సంతకం."

తీసెయ్యలేదు కానీ నెలల పాటు కుర్రాళ్లకు స్పానర్లు అందించే పని ఇచ్చారు. అనుమానం సార్ అని పేరు కూడా పెట్టారట. ఆ సడలింపు తప్పని నేననను. ఇతరులను అనుమానించేవాళ్లను చాలామందిని చూశాను. తన చేతులను తానే అనుమానించిన మనిషిని ఆయన్నొక్కరినే చూశాను.

శిక్షణ పూర్తయ్యాక ఒక ఉదయం నాకే ఫోన్ చేశారు. "బిడ్డా, ఇయ్యాల సంతకం పెట్టిన." ఫోన్ విమానం వైపు పట్టారు. చప్పుడు పెరిగి పెరిగి, సన్నగిల్లి, ఎక్కడో కలిసిపోయింది. అయినా ఆయన ఫోన్ పెట్టెయ్యలేదు. నేనూ పెట్టెయ్యలేదు. అటునుంచి చాలాసేపు ఆయన ఊపిరి మాత్రమే వినబడింది.