మజ్జిగ కుండతో మౌన నడక

ఆ రోజుల్లో మా విజయనగరంలో నడవాలంటే కాళ్లుంటే చాలనుకునేవాళ్లం. కూరగాయలకి నడిచేవాళ్లం, బస్సుకి నడిచేవాళ్లం, ఆటోవాడు ఎక్కువడిగితే వాడి మీద కోపంతో నడిచేవాళ్లం. నడకకి కూడా ఒక పేరు, ఒక పోస్టరు, ముందు నడవడానికి ఒక గైడు ఉండాలని మాకు తెలియదు. ఆ జ్ఞానం ప్రసాదించినవాడు కాన్సెప్ట్ బాబు. (అసలు పేరు వేరే ఉంది. ప్రతి మూడో మాటా ‘కాన్సెప్ట్’ అయిన మనిషికి ఇంకో పేరు దండగ.) పెద్ద నగరం నుంచి గడ్డి టోపీ పెట్టుకుని వచ్చి, రెండు రోజులు మా ఊళ్లో తిరిగి, ఇక్కడ పుట్టి పెరిగిన వాళ్లెవరూ ఈ ఊరు సరిగా చూడలేదని తేల్చేశాడు. ఇక చూడండి, నడకలే నడకలు. ‘రాజుల నడక’ అంటే కోట చుట్టూ బయట్నుంచే ఒక ప్రదక్షిణం. ‘రుచుల నడక’ అంటే నాలుగు బళ్ల దగ్గర వరసగా తినిపించడం. అది అయ్యాక జనంలో సగంమంది మర్నాడు మంచం దిగేవాళ్లు కాదు. ‘తలుపుల నడక’ అని ఇంకోటి. పాత ఇళ్ల తలుపుల ముందు నిలబడి పరవశించాలి. లోపల్నుంచి ఇంటావిడ వచ్చి “ఎవలు కావాల బాబూ?” అనడిగితే, “ఎవరూ అక్కర్లేదండీ, తలుపు చాలు” అనేవాళ్లు. ఆవిడ తలుపుకేసి ఒకసారి, వీళ్లకేసి ఒకసారి చూసి గడియ వేసుకునేది.

ఈ పిచ్చి నడకలన్నిటికీ ముందు నడిచిన గైడుని నేను. ఎచ్చెర్ల యూనివర్సిటీలో చరిత్ర ఎం.ఏ. చేసి, చరిత్ర తెలిసినవాడు ఎవరికీ అక్కర్లేదని ఏడాది తిరక్కుండానే తెలుసుకుని, కాన్సెప్ట్ బాబు చేతికి చిక్కాను. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌గా చేరానని చెప్పాను. ఆదివారాలు కూడా టక్ చేసుకుని “స్పెషల్ క్లాసులు నాన్నా” అని బయల్దేరేవాణ్ణి. మా నాన్న పోస్ట్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. ఊళ్లో సగం వీధులకి ఆయన తపాలా మావ. ముప్పై ఏళ్లపాటు ఊరందరి పిల్లలకీ ఉద్యోగం ఆర్డర్లు మోసుకెళ్లి ఇచ్చి, వాళ్లు చేతిలో పెట్టిన మిఠాయి తిన్న మనిషి. మన ఇంటికి ఒక్కటీ రాలేదే అని పైకి అనలేదు గాని, నేను లెక్చరర్నయ్యానని చెప్పిన రోజు సైకిలేసుకుని, తను ఉత్తరాలు పంచిన పాత బీటంతా తిరిగి వీధి వీధికీ ఆ కబురు పంచి వచ్చాడు. ఆ సైకిలు చూశాక నిజం చెప్పే ధైర్యం నాకు పూర్తిగా పోయింది. ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూ ఆరు నెలలు లాగాను.

అప్పుడొచ్చింది ‘మౌన నడక’. మా ఊరు సంగీతానికి పేరున్న ఊరు కాబట్టి, పాత వీధుల్లో నోరు మూసుకుని నడిస్తే గోడల్లోంచి సంగీతం వినిపిస్తుందిట. నాకు ఇరవై నాలుగేళ్లలో పక్కింటి మిక్సీ తప్ప ఏమీ వినిపించలేదు. అయినా తల ఊపాను. ఉద్యోగం కదా. అందరూ తెల్లబట్టలు వేసుకోవాలన్నాడు, తెలుపు నిశ్శబ్దానికి రంగుట. చెప్పులు వద్దన్నాడు, మట్టి తగలాలిట. (తగిలింది మట్టి ఒక్కటే కాదు, ఆ వీధిలో ఆవులు కూడా ఉన్నాయి.) ప్లాస్టిక్ సీసాలు కాన్సెప్ట్‌కి విరుద్ధం గనక కొత్త కుండలో మజ్జిగ పోయించి, దానికి కొబ్బరితాడు ఉట్టిలా కట్టించి నా చేతికిచ్చాడు. “నువ్వు ముందు దీన్ని పట్టుకుని నడు, విజువల్ బాగుంటుంది” అన్నాడు. చిరుతిండి కింద ఒక్కొక్కరికీ ఆకుదొప్పలో పేలాలు ఇచ్చాడు. చివరగా నన్ను పక్కకి పిలిచి, గైడు నోట్లోంచి ఒక్క మాట వచ్చినా ఆ రోజుతో తనకీ నాకూ చెల్లు అన్నాడు.

ఇప్పుడు మీరు నవ్వుతున్నారు. తెల్లబట్టలు, ఉత్తికాళ్లు, దించిన తలలు, వెనకాల దొప్పల్లోంచి దారి పొడుగునా రాలుతున్న పేలాలు, అన్నిటికన్నా ముందు తాడుకి వేలాడే కుండ పట్టుకుని ఒక కొడుకు. మా వైపు పుట్టిన మూడేళ్ల పిల్లాడికైనా అది చూస్తే ఏమిటో తెలుస్తుంది. ఆచారాల మీద పేపర్ రాసి ఫస్ట్ క్లాసు తెచ్చుకున్న నాకు తెలియలేదు. మజ్జిగ ఒలక్కుండా నడవడం మీదే నా ధ్యాసంతా. అందుకే చదువుకున్నవాణ్ణంటూ ఎవరైనా ఛాతీ విరిస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

వీధి మొదట్లో ఇడ్లీలమ్మే అప్ప (మా వైపు అక్కని అలా అంటాం) మమ్మల్ని చూసి పొయ్యి తగ్గించి, పళ్లెం మీద మూతపెట్టి లేచి నిలబడింది. గౌరవం కాబోలనుకుని నేను హుందాగా తల వంచాను. అరుగు మీద కూర్చున్న ముసలాయన తలగుడ్డ తీసేశాడు. ఎదురొచ్చిన ఆటోవాడు ఇంజను ఆపేసి పక్కకి జరిగాడు. కాన్సెప్ట్ బాబు వెనకాల ఫోన్లో వీడియో తీస్తూ పొంగిపోతున్నాడు, ఊరు ఊరంతా తన ఆలోచనకి దాసోహమంటోందని. ఇంకో పదిళ్లు దాటేసరికి భుజాన తువ్వాళ్లతో నలుగురైదుగురు మా వరస చివర కలిశారు. వాళ్లకి టికెట్లు లేవు. ఆయన వాళ్లకీ ఒక్కో దొప్ప ఇచ్చాడు. వాళ్లు ఆ పేలాలు తినలేదు, చల్లడం మొదలుపెట్టారు.

అప్పుడు వినబడింది కుళాయి దగ్గర్నుంచి, “ఓలమ్మో! తపాలా మావ పోనాడా ఏటి! నిన్న సాయంత్రం మా అరుగు మీద కూకుని టీ తాగినాడే!” ఇంకో గొంతు, “ఆడే కదా కొడుకు, లెచ్చరరు. పాపం, ఏడవడానిక్కూడా ఓపిక నేదు, సూడు.” చేతిలో కుండ, వెనక తెల్లబట్టలు, కింద పేలాలు, అన్నీ ఒక్కసారి కళ్లబడ్డాయి. ఆగి, “అయ్యో, మా నాన్న నిక్షేపంలా ఉన్నాడు” అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. వెనక్కి తిరిగాను. కాన్సెప్ట్ బాబు పెదవుల మీద వేలు పెట్టుకుని కళ్లురిమాడు. నేను మళ్లీ ముందుకి తిరిగి నడిచాను. బతికున్న తండ్రిని వీధంతా చంపేస్తుంటే, ఉద్యోగం పోతుందని నోరు మూసుకుని నడిచిన ఘనుణ్ణి నేను.

ఈలోగా మా ఇంట్లో జరిగింది తరవాత తెలిసింది. వీధిలో ఎవరో పరామర్శకని మా ఇంటికి ఫోన్ చేశారు. తీసింది నాన్న.

“తపాలా మావ పోనాడంట కదేటండీ, ఎప్పుడు ఎత్తేసినారు?”

“ఎవలు పోనారు? నానేరా తపాలా మావని!”

అవతలివాడు ఇంకోసారి నంబరు సరిచూసుకున్నాడుట. తరవాత, “మరి మీవోడు కుండట్టుకుని ఎల్తన్నాడు కదా మావా, కిల్లీ కొట్టు దాటినాడిప్పుడే” అన్నాడుట వాడు. నాన్న నవ్వబోయి ఆగిపోయాడు. కొడుకు కుండ పట్టేది తండ్రికి, లేకపోతే తల్లికి. తను చూస్తే ఉన్నాడు. అమ్మ ముందు రోజే శ్రీముఖలింగంలో మా పెద్దమ్మ దగ్గరికి వెళ్లింది. ఆమెకి ఫోన్ చేశాడు. తీయలేదు. గుడికెళ్తే ఫోను సంచీలో పడేసి వెళ్లడం ఆమె అలవాటని ఆ క్షణంలో ఆయనకి గుర్తురాలేదు. వంశధారలో స్నానానికి దిగి ఉంటుందన్నది మాత్రం గుర్తొచ్చింది. శ్రీముఖలింగంలో ఏదైనా జరిగితే విజయనగరంలో కుండెందుకు పడతారని ఆలోచించే స్థితిలో లేడు. చొక్కా తిరగేసి తొడుక్కుని, సైకిలు వదిలేసి స్కూటరు తీశాడు.

వీధి మలుపులో ఎదురయ్యాడు. ఆయన్ని చూడగానే మా వెనక తువ్వాళ్లవాళ్లలో ఒకడు “ఓర్నాయనో” అని గోడ పక్కకి దూకాడు. స్కూటరు స్టాండు వెయ్యకుండానే దిగిపోయాడు నాన్న. అది పక్కకి ఒరిగి పడిపోయింది, తిరిగి చూడలేదు.

“ఏటైనాదిరా?”

మళ్లీ వెనక్కి చూశాను. కాన్సెప్ట్ బాబు వేలు ఇంకా పెదవుల మీదే ఉంది. నాకు భయం ఆ వేలంటేనే కాదు, నోరు తెరిస్తే మొదట బయటపడేది నా అబద్ధం. నాన్నకేసి చూసి, ఏం లేదన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపాను. ఆ ఊపడం ఆయనకి ఇంకోలా అర్థమైంది.

“మీ అమ్మా?” అన్నాడు. పక్కనున్న ఇంటి అరుగు పట్టుకుని కూలబడ్డాడు. ముప్పై ఏళ్లు ఎండల్లో సైకిలు తొక్కిన మనిషి అలా కూలబడ్డం నేనెన్నడూ చూడలేదు. చూస్తూ కూడా ఇంకో రెండు మూడు క్షణాలు ఆగాను. అవి గుర్తొస్తే నా మీద నాకు ఇప్పటికీ అసహ్యమే.

“అమ్మకేటీ అవనేదు నాన్నా!” అని అరిచాను. ఎచ్చెర్లలో కష్టపడి నేర్చుకున్న పుస్తకాల తెలుగు ఎటుపోయిందో. “ఎవలూ పోనేదు! ఇది మజ్జిగ! ఇది నా ఉజ్జోగం!”

వీధి మొత్తం విన్నది. కుళాయి దగ్గర బిందె నిండి పొర్లుతున్నా ఎవరూ తియ్యలేదు. నాన్న చాలాసేపు నాకేసి చూశాడు. నన్ను కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననీ అనుకున్నాను. ఆయన చెయ్యి చాపి కుండ తీసుకుని, అందులోకి తొంగిచూసి, ఎత్తి గడగడా తాగి కింద పెట్టాడు.

“ఉప్పెక్కువైనాది” అన్నాడు. తరవాత తెల్లబట్టలవాళ్లకేసి తిరిగి, “ఈలెవలు?” అన్నాడు. ఊరు చూడ్డానికి వచ్చారని, మాట్లాడకుండా చూడాలని, అదే కాన్సెప్టని చెప్పాను. నాన్న కాన్సెప్ట్ బాబుని టోపీ నుంచి ఉత్తి కాళ్ల దాకా ఒకసారి చూశాడు.

“మాటాడకుండా ఊరేటి సూపిస్తావయ్యా? నోరు కట్టీసి విందుకి పిల్సినట్టున్నాది.”

అని, కూర్చున్న అరుగునే తట్టి మొదలుపెట్టాడు. ఈ ఇంట్లో వయొలిన్ మాస్టారికి కొడుకు దగ్గర్నుంచి ఉత్తరం వస్తే, చదివి వినిపించినందుకు తనకి ఒక కీర్తన వాయించి గాని పంపేవాడు కాదుట. ఆ ఎదురింటావిడ, ఉత్తరాలు రాని రోజుల్లో బాధపడుతుందని, తను ఇంకో సందులోంచి తిరిగి వెళ్లేవాడుట. ఇంటింటికీ ఒకటి. గోడల్లో సంగీతం వినడానికి వచ్చినవాళ్లంతా కాన్సెప్ట్ మర్చిపోయి ఆయన చుట్టూ మూగి ప్రశ్న మీద ప్రశ్న వేశారు. తువ్వాళ్లవాళ్లు కూడా ఇంటికి పోలేదు. తెలిసిన వీధే అయినా, తెలియని సంగతులు వింటూ నడిచారు.

నా ఉద్యోగం ఆ పూటే పోయింది. మర్నాడు కాన్సెప్ట్ బాబు ఫోన్ చేశాడు, పొరపాటైందని అంటాడేమో అనుకున్నాను. “మీ నాన్నగారి నంబరు పంపు” అన్నాడు. (నడవడానికి నెలకొక కొత్త కాన్సెప్ట్ కనిపెట్టిన మేధావి, బతకడానికి మా నాన్నే దిక్కని ఆ రోజు కనిపెట్టాడు.) లెక్చరర్ ఉద్యోగం గురించి నాన్న అడుగుతాడని రెండు రోజులు తప్పించుకు తిరిగాను. మూడో రోజు అన్నం కలుపుకుంటూ, “ఉజ్జోగం రానేదని సెప్తే నిన్ను తినీస్తానేటిరా?” అన్నాడు. అంతే. ఎదురుగా అమ్మ ఉంది, కంచం ముందుకి జరిపి మజ్జిగ పొయ్యమన్నాను.

కాన్సెప్ట్ బాబు మా ఊరు వదిలి చాలా కాలమైంది. ఇప్పుడు ఏ ఊరివాళ్ల చేత నోరు మూయిస్తున్నాడో తెలియదు. నేను ఇన్నాళ్లకి శ్రీకాకుళం వైపు ఒక కాలేజీలో నిజంగానే చరిత్ర చెబుతున్నాను. నాన్న ఇప్పటికీ ఆదివారాలు అడిగినవాళ్లందరినీ వెంటేసుకుని పాత బీటంతా తిరుగుతాడు, చెప్పులేసుకుని, గొంతెత్తి మాట్లాడుతూ. మౌన నడక కథ చెప్పకుండా ఎవరినీ వదలడు. ఆ మలుపు దగ్గర అందర్నీ ఆపి, తను పోయినట్టు తనకే ఫోనొచ్చిన సంగతితో మొదలుపెట్టి నవ్వించి నవ్వించి, అరుగు దగ్గరికొచ్చేసరికి మాత్రం కథ కొంచెం మార్చేస్తాడు. “నన్ను సూడగానే మావోడు కుండ అక్కడే దించీసి, ‘నాన్నా, అమ్మ బాగున్నాది’ అనీసి పరిగెట్టుకొచ్చినాడు. ఒక్క క్షణం ఆగనేదండీ” అంటాడు. నేను ఎంతసేపు ఆగానో ఆయనకి తెలుసు. నాకూ తెలుసు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలని పిల్లలకి రోజూ పాఠం చెప్పేవాణ్ణి, దిద్దాలి. వరస చివర నిలబడి నవ్వుతూ ఊరుకుంటాను. ఆ ఒక్క ముక్క వినడానికే నెలకోసారి బస్సెక్కి వస్తున్నానని ఆయనకి ఇంకా చెప్పలేదు.