పరీక్షాధికారి తాగేసిన మూడో తూకం

దాహమన్న మనిషికి నీళ్ళిచ్చి, ఆయన్ని నా చేతులారా చంపేశానేమోనని ఒక పూటంతా గజగజలాడిన ఘనుణ్ణి నేను. ఆ ఘనకార్యం చెబుతాను, వినండి. నవ్వొస్తే నవ్వుకోండి, ఏమీ అనుకోను. ఆ రోజు మాత్రం నాకు చెమటలు తప్ప ఇంకేమీ రాలేదు.

అప్పట్లో అనంతపురంలో ఇంటర్మీడియట్ చదువుతుండేవాణ్ణి. చదవడమంటే, ఒకసారి ఫిజిక్సు తప్పి రెండోసారి పరీక్షకు కట్టాను. మాది బత్తలపల్లె పక్కన చిన్న ఊరు, ఇంటినిండా గొర్రెలు. బయలుదేరేటప్పుడు మా నాయన బస్సు దాకా వచ్చి ఒకే మాట చెప్పాడు. "ఈ తూరి గూడా తప్పినావంటే ఆ పుస్తకాలు ఆడనే ఎవరికన్నా ఇచ్చేసి రా. గొర్రెల ఎనక మనిషి కావల్ల." కోపంతో అన్న మాటయితే సర్దిచెప్పుకునేవాణ్ణి. ఆయనకు నిజంగానే మనిషి కావాలి. నా భయమంతా అదే.

ప్రాక్టికల్ పరీక్షలో చీటీ తీస్తే నాకు సీసం విశిష్టోష్ణం, అంటే సీసం ఎంత వేడి పట్టుకుంటుందో కట్టే లెక్క, వచ్చింది. తెలియనివారు కంగారుపడకండి, ఇది గొర్రెల్ని కాయడం కన్నా తేలిక. కెలోరీమీటరు అని పేరు ఘనంగా ఉంటుంది గానీ చూస్తే రాగి గ్లాసే. దాన్ని ఖాళీగా తూచాలి, అది ఒకటో తూకం. సగం దాకా నీళ్ళు పోసి తూచాలి, అది రెండోది. సీసపు గుళ్ళను ఆవిరిలో బాగా కాచి ఆ నీళ్ళలో వేసి, వేడి ఎంత ఎక్కిందో థర్మామీటరుతో చూసుకుని, అన్నీ కలిపి మళ్ళీ తూచాలి. అది మూడో తూకం. మూడోదాంట్లోంచి రెండోది తీసేస్తే గుళ్ళ బరువు వస్తుంది. ఆ బరువు లేకపోతే లెక్క లేదు, లెక్క లేకపోతే మార్కులు లేవు, మార్కులు లేకపోతే నా బతుకు గొర్రెలపాలు.

ఆ ఏడు వానల్లేక కాలేజీ బావి అడుగంటింది. అటెండరు రసూలన్న ఎక్కడెక్కడి నుంచో కడవతో నీళ్ళు తెచ్చి ల్యాబులో కుండ నింపేవాడు. మనిషికి ఇన్నే అని కొలిచి పోసేవాడు. రెండోసారి అడిగితే తన ఆస్తి అడిగినట్టు చూసేవాడు.

నేను రెండు తూకాలు ముగించాను. గుళ్ళు కాచాను, వేశాను, కలిపాను, వేడి రాసుకున్నాను. అన్నీ సరిగ్గానే కుదిరాయి. థర్మామీటరు తీసి పక్కన పెట్టి, వేడి పోకుండా పెట్టే చెక్కపెట్టెలోంచి రాగి గ్లాసు బయటికి తీసి, రెండు చేతులా పట్టుకుని త్రాసు వైపు నడుస్తున్నాను. సరిగ్గా అప్పుడే పరీక్షాధికారి గారికి పొలమారింది.

ఆయన గోదావరి వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి. నోట్లో ఎప్పుడూ వక్కపలుకు ఉండేది. అది గొంతుకు అడ్డం పడినట్టుంది. మొహం ఎర్రబడి, కళ్ళు తేలేసి, దగ్గుతూ నా భుజం పట్టుకుని నీళ్ళు, నీళ్ళు అన్నాడు. కుండ వైపు చూస్తే బోర్లించి ఉంది. రసూలన్న కడవతో వెళ్ళిపోయాడు.

మా సీమలో ఎవరి చేతిలో నీళ్ళున్నా, అడిగిన మనిషికి లేవనరు. శత్రువైనా అనరు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు గానీ, అడిగితే కెలోరీమీటరైనా ఇచ్చేసే జాతి మాది. ఆలోచించేలోపే నా చేతులు ముందుకు సాగాయి. ఆయన గ్లాసు అందుకుని, తల వెనక్కి వంచి, ఎత్తి గటగటా పోసుకున్నాడు. సార్, అందులో గుళ్ళు... అందామనుకున్నాను. అప్పటికే గ్లాసు తలకిందులైంది. చుక్క మిగలకుండా తాగి, గ్లాసు నా చేతిలో పెట్టి, "వెచ్చగా ఉన్నాయేమిటోయ్" అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

గ్లాసులోకి తొంగి చూశాను. అడుగున గుళ్ళు ఉన్నాయి. అన్నీ ఉన్నాయా? నాకేం తెలుసు! గుళ్ళను తూచమన్నారు గానీ లెక్కపెట్టమని ఏ పుస్తకంలోనూ రాయలేదు.

ఇక నా అవస్థ చూడండి. మూడో తూకం గడి ఖాళీ. అది ఖాళీగా ఉంటే తప్పుతాను. నిజం చెబితే, పరీక్షాధికారికి సీసం తినిపించినవాడికి మార్కులెవరిస్తారు? చెప్పకపోతే ఈ పెద్దమనిషి సాయంత్రానికి ప్రాణాల మీదికి తెచ్చుకుంటే? గొర్రెల సంగతి దేవుడెరుగు, జైలు గతి పడుతుంది. ఆయన పొట్ట నిమురుకుంటే గుళ్ళు తగులుతున్నాయేమోనని చూసేవాణ్ణి. ఆవులిస్తే స్పృహ తప్పుతోందనుకునేవాణ్ణి. ఒకసారి కళ్ళు మూసుకున్నాడు, నా గుండె ఆగినంత పనైంది. అంతలో ఈగను తోలుకున్నాడు. జన్మలో ఏ ఈగకూ అంత రుణపడలేదు.

రసూలన్న కడవతో తిరిగొచ్చి నన్ను చూసి, ముఖమట్ల పాలిపోయిందేమప్పా అని అడిగాడు. చెవిలో అంతా చెప్పేశాను. ఆయన కడవ దించి, గడ్డం గోక్కుని, నిదానంగా అన్నాడు.

"గుళ్ళు పోతే పోనీలేప్పా. ఆ నీళ్ళదే నాకు యోచన. తెచ్చేవి చాలక, ఒక్క చుక్క గూడా పారబొయ్యకుండా వారం నుంచి అయ్యే నీళ్ళు మళ్ళీ మళ్ళీ కుండలో పోస్తాండా. ప్రయోగాలకే గదా అని."

ధైర్యం చెబుతాడనుకుంటే ఉన్న ధైర్యం కాస్తా పట్టుకుపోయాడు. వారం రోజులుగా ఎన్ని బ్యాచుల సీసం, ఎంత తుప్పు, ఎన్ని వేళ్ళు మునిగిన నీళ్ళో అవి! 

గంట కొట్టారు. పరీక్షాధికారి ఒక్కొక్కరి కాగితం చూసుకుంటూ నా దగ్గరికొచ్చి, ఖాళీ గడి మీద వేలు పెట్టాడు.

"మూడో తూకం ఏదీ?"

ఎన్నో అబద్ధాలు సిద్ధం చేసుకున్నాను. నోరు తెరిస్తే నిజమే ఊడిపడింది.

"మీరు తాగేసినారు సార్."

ఆయన నా వంక చూశాడు. గ్లాసు వంక చూశాడు. ఆయన చెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోయింది. ఇక నేను ఆపుకోలేక జరిగిందంతా వెళ్ళగక్కాను. వారం నాటి నీళ్ళ సంగతి మాత్రం మింగేశాను. రసూలన్న కూడా ఉద్యోగస్తుడే కదా.

ఆయన, గుళ్ళు ఇంకా గ్లాసులోనే ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నాను. "అయితే వాటిని గుడ్డతో తుడిచి విడిగా తూస్తే సరిపోయేది కదటయ్యా! నీళ్ళ బరువు ముందే నీ దగ్గరుంది. ఇంతసేపూ ఏం చేస్తున్నావు?"

నిజమే సుమండీ! తుడిచి తూచడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాల పని వదిలేసి, ఆయన చావు కోసం కాపలా కాస్తూ కూర్చున్నాను. ఆ మాట ఆయనతో ఎలా చెప్పేది?

ఆయన ఎదుటే గుళ్ళు తుడిచి తూచాను. లెక్క కట్టాను. సీసానికి పుస్తకంలో 0.031 అని ఉంటుంది. నాకు 0.032 వచ్చింది. గట్టెక్కానని సంబరపడబోతుంటే ఆయన ఆ అంకె మీదే పెన్సిలు ఆనించి, ఈ కాస్త ఎక్కువ ఎందుకొచ్చిందో చెప్పమన్నాడు.

ఇంతటి కంగారులోనూ ఆ జవాబు నాకు తెలుసు. ఎక్కువ రావడానికి రెండే దారులు. బయటి ఎండ వేడి నీళ్ళలోకి చేరి ఉండాలి. లేదంటే, వేసినన్ని గుళ్ళు తూకానికి రాకుండా రెండో మూడో ఎక్కడో తగ్గి ఉండాలి. రెండూ చెప్పాను. రెండోది చెప్పేటప్పుడు నా గొంతు నాకే వినబడలేదు.

ఆయన పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు. కిటికీలోంచి మండిపోతున్న మైదానం చూశాడు. పొట్ట వైపు మాత్రం చూడలేదు.

"ఎండే" అన్నాడు.

"ఎండే సార్" అన్నాను.

"అదే రాయి."

రాశాను, పాసయ్యాను. ఆయన కూడా క్షేమంగా ఊరు చేరాడని తర్వాత తెలిసింది. ఆ వార్త వచ్చేదాకా నేను అన్నం సయించక సగమయ్యాను.

ఆ రోజే ల్యాబు గడప దిగుతూ, త్రాసు సాక్షిగా, రసూలన్న కడవ సాక్షిగా ఒక ప్రతిజ్ఞ చేశాను. దాహమన్న మనిషికి నీళ్ళు లేవని ఈ జన్మలో అనను, అది మా రక్తంలో లేదు. కానీ ఎంతటివాడు దగ్గినా, దగ్గి దగ్గి కింద పడి దొర్లినా సరే, తూచందే ఇవ్వను.