నేను దిద్దిన మాట

వానకు తడిసిన పత్తి వాసన ఎలా ఉంటుందో ఆదోనిలో పుట్టినవాళ్లకు చెప్పనక్కరలేదు. భాద్రపదం చివరి రోజుల్లో, తొలి తీత పత్తి మార్కెట్టుకు రావడం మొదలైందో లేదో, ఎక్కడి మబ్బో చెప్పాపెట్టకుండా వచ్చి నాలుగు చినుకులు రాల్చిపోతుంది. బండ్ల మీద పట్టలు కప్పేలోపే, ఉతికి ఆరీ ఆరని దుప్పటి వాసన లాంటిది ఊరంతా పాకుతుంది. మొన్న శనివారం పొద్దున అది ప్రభుత్వ ఆసుపత్రి వరండా దాకా వచ్చింది. పోయినేడు బడి ఉద్యోగం నుంచి దిగిపోయాక, ప్రతి శనివారం ఆ వరండాలో ఒక బెంచీ మీద కూర్చుని, రాయడం రానివాళ్లకు చీటీలూ అర్జీలూ రాసిపెడుతున్నాను. ఇంట్లో ఊరికే ఉంటే నా నోరు ఊరుకోదు, మా కోడలికి తలనొప్పి; ఇద్దరికీ మంచిదని ఈ పని పెట్టుకున్నాను.

ఆ పొద్దున పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దాయన నా పక్కన కూర్చుని, "నాకు సర్టిఫికెట్టు బిరీన రావల్ల అని రాయమ్మా" అన్నాడు. రావల్ల అంటే రావాలి. మా వైపు పుట్టినవాళ్లకు అది పాలతో పాటు వచ్చే మాట. నాకు మాత్రం అది చెవిన పడితే చెయ్యి ఆగిపోతుంది. ఆయన అన్నది అన్నట్టే 'రావల్ల' అని రాశాను. తెలుగు పంతులమ్మగా ముప్పై ఏళ్లు వేల తప్పులు దిద్దినదాన్ని, ఆ ఒక్క మాట జోలికి పోలేదు. పోవడానికి మొహం లేదు.

అప్పుడు నాకు పదేళ్లు. కొండ కింది వీధిలో మట్టి మిద్దె మాది. ముందు గదిలో అబ్బా, అంటే మా నాన్న, కుట్టు మిషను, వెనక గదిలో మేము. ఇంట్లో మాటలన్నీ ఉర్దూలోనే. బడిలో మాత్రం తెలుగు. గడప దాటితే ఒక భాష, దాటకపోతే ఒక భాష. తెలుగు నాకు పుస్తకంలోంచి ఎక్కువ వచ్చింది, వీధిలోంచి తక్కువ వచ్చింది. అయినా దస్తూరీ ముత్యాల్లా ఉండేది, తరగతిలో నన్ను మించినవాళ్లు లేరు, ఆ సంగతి నాకు బాగా తెలుసు. అబ్బో, ఆ గీర ఇంతా అంతా కాదు! వీధిలో ఆడవాళ్లలో చదువొచ్చినవాళ్లు లేకపోవడంతో ఆదివారం వచ్చిందంటే కార్డు పట్టుకుని ఎవరో ఒకరు మా అరుగు మీద చేరేవాళ్లు. ఎవరూ నియమించకుండానే నేను ఆ వీధికి రాయసగత్తెనయ్యాను.

ఆ ఆదివారం ఎంత హాయిగా మొదలైందో ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. వానాకాలం వెనకబట్టి, ఎండలో కాక తగ్గి, గోడల మీద నాచు ఇంకా పచ్చగా ఉండి, గాలిలో ఎక్కడో జొన్న చేల కమ్మదనం ఉండే రోజులు. పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, నోరు మండుతుండగానే జొన్నల డబ్బా నెత్తిన పెట్టుకుని పిండి మిల్లుకు పోయాను. అక్కడ వరస పెద్దదని డబ్బా పెట్టి, అబ్బా చెప్పిన నల్ల దారం, చొక్కా గుండీలు తేవడానికి బజారుకు పోయాను. దారిలో అచ్చంగిల్లాలు ఆడుతున్న పిల్లల దగ్గర రెండు ఆటలు ఆడి, మళ్లీ మిల్లుకు వచ్చి, కళ్లూ కనుబొమలూ పిండితో తెల్లగా చేసుకుని ఇల్లు చేరాను. అమ్మీ నన్ను చూసి నవ్వి, "అరే, చిన్న ముసలమ్మ వచ్చింది చూడు" అంది ఉర్దూలో. ఆ మధ్యాహ్నం ఖాలా, అంటే అమ్మీ చెల్లెలు, నన్ను మ్యాట్నీకి తీసుకుపోతానని మాట ఇచ్చింది. కత్తియుద్ధాల సినిమా. నెల రోజులుగా గోడల మీద బొమ్మ చూసి చూసి నాకు నిద్ర పట్టడం లేదు.

తలకు నూనె రాయించుకుని, రెండు జడలకు రిబ్బన్లు కట్టించుకుని, చెప్పుల్లో కాళ్లు పెడుతున్నాను. అప్పుడు వచ్చింది ఉరుకుందమ్మత్త, చేతిలో కార్డుతో.

ఉరుకుందమ్మత్తది మాకు మూడిళ్ల అవతల బొరుగుల బట్టీ. పొద్దస్తమానం వేడి ఇసకలో బియ్యం వేయించి వేయించి చేతులు నల్లగా, గట్టిగా ఉండేవి. మనిషి మాత్రం వెన్న. బడి నుంచి వస్తుంటే పిలిచి మరీ గౌను జేబులో బొరుగులు పోసేది. ఆమెకు ఎమ్మిగనూరులో ఒక అక్క, లక్ష్మమ్మ, మగ్గాల ఇంటి కోడలు. ఆ యేడు ఎండాకాలంలో వాళ్ల అమ్మ పోయింది. కర్మాంతరం రోజున బంతిలో లక్ష్మమ్మ మొగుణ్ణి ఎవరూ 'రా కూర్చో' అని పిలవలేదని, ఆయన ఆకు ముందు నుంచి లేచి వెళ్లిపోయాడని, ఆ వెనకే లక్ష్మమ్మ కూడా వెళ్లిపోయిందని వీధంతా చెప్పుకున్నారు. అప్పటి నుంచి రాకపోకలు లేవు. ఇప్పుడు పెద్దల అమాస వస్తోంది. అమ్మ పోయాక తొలి అమాస. ఇద్దరూ కలిసి ఆమెకు పెట్టుకోవాలని, అక్కను ఎలాగైనా రప్పించుకోవాలని ఉరుకుందమ్మత్త పట్టు. తన మొగుడు వద్దంటాడని ఎవరికీ చెప్పకుండా నా దగ్గరికి వచ్చింది.

అరుగు మీద కూర్చుని, కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది. మధ్యలో కళ్లు తుడుచుకుంది. నేనేమో కలం పట్టుకుని వీధి మొదటి వైపు చూస్తున్నాను. అక్కడ ఖాలా నిలబడి చెయ్యి ఊపుతోంది.

"ఇంగ అయిందా అత్తా? సినిమాకు పోవల్ల నేను" అన్నాను.

"అయిందిలే పాపా. అక్క అమాసకు రావల్ల. అదొకటి బాగ రాయి" అంది.

ఉత్తరాల్లో ఇంటి మాటలు రాయకూడదు, పుస్తకం మాటలే రాయాలని మా సారు చెప్పి ఉన్నారు. నా బుర్ర చకచకా పని చేసింది. వీధిలో 'ఉంది' అనేదాన్ని పుస్తకంలో 'కలదు' అంటారు కదా, అలాగే వీధిలో 'వల్ల' అనేదాన్ని పుస్తకంలో 'వలదు' అంటారు. ఆ మాట ఎక్కడో పద్యంలో చూశాను కూడా. ఎంత గొప్పగా ఉంది! ఆమె చెప్పిన పొడుగు మాటలన్నీ వదిలేసి, ముత్యాల్లాంటి అక్షరాలతో మూడు ముక్కలు రాశాను: 'ఇక్కడ అందరమూ క్షేమము. పెద్దల అమావాస్యకు నీవు రావలదు. ఇట్లు, ఉరుకుందమ్మ.' ఆమె కార్డు తీసుకుని కళ్లకద్దుకుంది. "ఎంత బాగుండాయి పాపా అచ్చరాలు" అంది. నేను అప్పటికే వీధిలో పరుగెత్తుతున్నాను.

సినిమా నాకు ప్రతి ఫ్రేమూ గుర్తుంది. ఆడవాళ్ల వైపు మేకు లేచిన బెంచీ, గౌను పట్టుకుని చిరిగితే ఖాలా పెట్టిన మొట్టికాయ, రీలు తెగినప్పుడు లేచిన ఈలలు, రెండు కత్తులు తగిలిన చోట తెర మీద రాలిన నిప్పులు, ఇంటర్వెల్లులో గోలీ సోడా పొంగి ముక్కులోకి పోవడం, అన్నీ.

అమాస రోజు ఉరుకుందమ్మత్త బట్టీ వెలిగించలేదు. తెల్లవారుజామునే లేచి ఓళిగలు, వడలు, కర్జికాయలు చేసి, వాళ్లమ్మ చీర మడత పెట్టి దాని ముందు ఆకు వేసింది. ఆకు మీద వడ్డించలేదు. ఎమ్మిగనూరు బస్సు వచ్చే వేళకల్లా వీధి మొదటికి పోయి నిలబడేది, వట్టి చేతులతో తిరిగొచ్చేది. అలా ఎన్నిసార్లు తిరిగిందో! మేము పిల్లలం గిల్లీదండా ఆడుతూ, "అత్తా, యాడికి పోతాండావు?" అని అడిగితే, "మా అక్క వస్తాది" అనేది. పొద్దు గూకే వేళకు ఆమె మొగుడు గట్టిగా అరిచాడు, అప్పుడు ఒక్కతే వడ్డించింది. తర్వాత నన్ను పిలిచి, అక్క కోసం విడిగా తీసిపెట్టిన ఓళిగలు నా చేతిలో పెట్టింది. నేను నెయ్యి కారుతుండగా నిలబడి తిన్నాను. మూడు తిన్నాను. ఇంకోటి కూడా అడిగాను.

సంక్రాంతి సెలవులు అయి బడి తెరిచాక ఒక పద్యం చెబుతూ మా సారు, "వలదు అంటే వద్దు" అన్నారు. అంతే. బోర్డు మీద రాశారు కూడా. పిల్లలంతా రాసుకున్నారు. నేను రాసుకోలేదు. ముద్దాయి తప్పించుకున్నట్టు ఆ రోజు నుంచి వెనక సందులోంచి ఇంటికి రావడం మొదలుపెట్టాను, బట్టీ కనబడకుండా. రోజూ అనుకునేదాన్ని, రేపు చెప్పేద్దామని. ఎక్కడైనా ఎదురుపడితే ఆమె నవ్వుతూ పిలిచేది, బొరుగులు పోసేది, నేను అవి పట్టుకుని పరుగెత్తేదాన్ని. అబ్బా కొడతాడని భయం, వీధంతా నవ్వుతుందని భయం, అన్నిటికంటే ఆమె నా అక్షరాలను ఇక మెచ్చుకోదని భయం. చూడండి నా బుద్ధి! ఆ ఎండాకాలమే ఆమెకు కామెర్లు వచ్చాయి. పసరు తాగించారు, చేతికి వాతలు పెట్టించారు, పదిహేను రోజుల్లో పోయింది. ఎమ్మిగనూరు నుంచి లక్ష్మమ్మ వచ్చింది, పిడికెడు మన్ను వేసింది, మంచినీళ్లు కూడా ముట్టకుండా మధ్యాహ్నం బస్సుకే పోయింది. నేను మా తలుపు సందులోంచి చూస్తూ ఉండిపోయాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అని ఇన్నేళ్లూ సర్దిచెప్పుకున్నాను. కానీ మొన్న ఆ పెద్దాయన అర్జీ రాశాక ఇంక కూర్చోలేకపోయాను. ఉరుకుందమ్మత్త కొడుకు మార్కెట్టు దగ్గర కొట్టు పెట్టుకున్నాడు. బొరుగులు ఇప్పుడు మిషను మీద వస్తాయి. వాణ్ణి లక్ష్మమ్మ గురించి అడిగితే, "పెద్దమ్మ ఉండాదిలేక్కా, సెవులు గూడ బాగ ఇనపడతాయి" అన్నాడు. ఆ మధ్యాహ్నమే ఎమ్మిగనూరు బస్సెక్కాను.

ఒకప్పుడు ఆ వీధిలో అడుగు పెడితే మగ్గాల చప్పుడుకు పక్కవాళ్ల మాట వినిపించేది కాదట. ఇప్పుడు సెల్లుఫోను పాట తప్ప ఏమీ లేదు. మగ్గం గుంటలు పూడ్చి బండలు పరిచారు, గంజి పెట్టిన నూలు ఆరేసే చోట మోటారు సైకిళ్లు పెట్టుకున్నారు. మా ఊళ్లో ఆ టాకీసూ లేదు, పెళ్లిళ్ల హాలయింది. కార్డు రాయించుకునేవాళ్లు అసలే లేరు. లక్ష్మమ్మ నులక మంచం మీద కూర్చుని వక్క దంచుకుంటోంది. ఎనభై దాటిన మనిషి, తల వణుకుతోంది, చూపు మాత్రం సూటిగా ఉంది.

నేనెవరో చెప్పాను. ఆమె పాదాల దగ్గర కూర్చుని మొత్తం చెప్పాను, కలదు, వలదు, మ్యాట్నీ, అన్నీ. "తిట్టు పెద్దమ్మా, కొట్టు" అన్నాను.

ఆమె దంచడం ఆపింది.

"కార్డు గదమ్మా, పోస్టు ఆయప్ప మగ్గాల కాడ అందరి ముందర సదివినాడు. వలదంటే రాగాకు అని ఆయప్పే సెప్పినాడు. నేను తలకాయ యాడ పెట్టుకునేది?" అంది. తర్వాత మెల్లగా, తనలో తాను అనుకున్నట్టు, "వలదు. ఆ మాట మాది కాదే! మా యమ్మ అనలే, నేను అనలే, అది యా పొద్దూ అనలే. వద్దంటే వద్దంటాము, ఒల్లంటే ఒల్లంటాము. అది దాని నోట్లో మాట కాదని నాకు యాల తట్టలే పాపా? దాని గొంతు నాకు తెలీదా?" అంది.

అప్పుడు అర్థమైంది నేను చేసిన పని. యాభై ఏళ్లుగా ఈమె చెల్లెలి మీద కోపంతో బతికింది. ఆ కోపమే ఈమెకు ఆసరా. నా బరువు దించుకోవడానికి వచ్చి, ఆ ఆసరా లాక్కుని, నా బరువు తీసి ఈ ముసలి ప్రాణం నెత్తిన పెట్టాను. నా తప్పు దిద్దుకోవడం కూడా నాకు చేతకాలేదు. "నీ తప్పేం లేదు పెద్దమ్మా, నాదే" అని ఎన్నిసార్లు అన్నానో! ఆమె వినడం లేదు.

"శానాసేపు సెప్పింది అంటివి గదా" అంది ఉన్నట్టుండి, నా చెయ్యి పట్టుకుని. "అమాసకు రావల్ల అన్నది సరే. అంతకు ముందర ఇంగేమేమి సెప్పింది? నన్నేమనింది? సెప్పు పాపా, ఒక్క మాట సెప్పు."

ఆమె నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. నేను ఆ అరుగును, ఆ కొంగును, వేలికి చుట్టుకుని విప్పుకుంటున్న ఆ నల్లటి చేతిని ఎంత వెతికినా, ఒక్క మాట కూడా దొరకలేదు. ఆ రోజు నేను విననే లేదు.