అలివి తాడు మీదుగా

నేను ఉద్యోగం విరమించడానికి ముందు ఏడాది, కార్తీక మాసంలో, తుపాను వెలిసిన వెంటనే నన్ను సముద్రపు ఒడ్డు గ్రామాలకు వేశారు. ఒక వైద్య సేవా సంస్థలో జీపు డ్రైవరును. చోడవరంలో చెరకు ట్రాక్టరు మీద చెయ్యి తిరిగినా, అక్షరాలు నలభై దాటాక నేర్చుకుని, ఆ తర్వాతే లైసెన్సు తెచ్చుకున్నాను.

రోడ్డు మీది కల్వర్టు కొట్టుకుపోవడంతో ఆసుపత్రికి ఇసుక తీరమే దారి. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి అయినా, ఇసుకలో దిగేముందు టైర్లలో గాలి తగ్గించాలి. అప్పుడు టైరు పరుచుకుని బరువును మోస్తుంది. అలలు తడిపి వెళ్లిన ఇసుక గట్టిగా ఉంటుంది, దాని మీదే నడపాలి.

ఆ ఉదయం వెనక సీట్లో నూకరత్నం అనే నిండు గర్భిణి ఉంది. రక్తం పోతోంది. పక్కన ఆమె అత్తా, మా నర్సూ ఉన్నారు. సగం దూరం వెళ్లేసరికి ఎదురుగా అలివి వల లాగుతున్నారు. సముద్రంలో వేసిన వల రెండు కొసల తాళ్లనూ ఒడ్డు నుంచి ఊరంతా కలిసి లాగే పద్ధతి అది. లాగుతున్న తాడును ఎవరూ దాటరు. బండి ఎక్కితే తాడు తెగుతుంది. తాడు వదులైతే వల మూతి కూలి చేపలు పోతాయి. మామూలుగా అయితే పైనున్న పొడి ఇసుకలోంచి చుట్టూ తిరిగి వెళ్లొచ్చు. తుపాను అక్కడ ఇసుకను గుట్టలుగా పోసింది. ఎక్కితే దిగబడిపోవడం ఖాయం.

బండి ఆపి దిగాను.

తాడు పట్టుకున్న ఒకామె అరిచింది. "ఏటే డ్రైవరమ్మా, నాలుగు సక్రాలూ తిరుగుతాయంట కదా, ఎగిరెల్లలేవేటి?"

తుపాను తర్వాత వాళ్లు వేసిన మొదటి వల అది. అన్నాళ్లూ పొయ్యిలు సరిగ్గా వెలగలేదు. అది తెలిసీ, లాగేవాళ్లను నడిపించే వలపెద్ద దగ్గరికి వెళ్లాను.

"బాబూ, బండిలో పురిటి మనిషుంది. రక్తం ఆగట్లేదు."

ఆయన వచ్చి బండిలోకి చూశాడు. ఎవరి పిల్ల అని అడిగాడు. వేరే ఊరని చెప్పాను.

"ఒరే, తాళ్లు వదిలీండ్రా!"

"సాయంత్రం పిల్లలికి ఏటెడతావు మావా?" అంది అరిచినామె.

"రేపేస్తే సేప పడతాది. ఈ గుంట పిల్లకి రేపుందేటే?"

రెండు తాళ్లనూ వదులు చేసి, తడి ఇసుకలోకి కాళ్లతో అదిమి పట్టారు. మొదటి గేరులో, ఎక్కడా ఆపకుండా దాటించాను. అద్దంలో చూస్తే నీళ్ల మీద వలను తేల్చే బెండ్లు చెదిరిపోతున్నాయి.

ఆసుపత్రిలో తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

మర్నాడు అదే దారిలో వెళుతుంటే మళ్లీ వల లాగుతున్నారు. వలపెద్ద తాడు వదలకుండానే నిన్నటి పిల్ల సంగతి అడిగాడు. జరిగింది చెప్పాను. "తల్లుంది కదా, సాలు" అన్నాడు. ఆ రోజు బండిలో మందులు తప్ప మనుషులు లేరు. ఇంజను ఆపి, వల పూర్తిగా ఒడ్డెక్కేదాకా ఆగాను.

ఇసుకలో బండి నడపడం నేర్చుకోవాలని వచ్చేవారికి గేర్ల గురించి, గాలి గురించి చెబుతాను. ఆ తర్వాత ఇంకొకటి చెబుతాను. తీరం ఖాళీ రోడ్డు కాదు, ఎవరో పని చేసుకుంటున్న చోటు. దాటాల్సి వస్తే దిగి అడగాలి. తొందర లేనినాడు ఆగాలి.