పాక వెనక దొరికిన బాక్టీరియా

1999 ఖరీఫ్ మొదట్లో నన్ను మామిడికుదురు దగ్గర ఒక పల్లెకు డెప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను వ్యవసాయ పరిశోధన సంస్థ సూక్ష్మజీవశాస్త్ర విభాగంలో అసిస్టెంట్ సైంటిస్టుని. మట్టిలో బతికే బాక్టీరియాను పెంచి, పనికొచ్చేవేవో తేల్చడం నా ఉద్యోగం. ప్రిన్సిపల్ సైంటిస్టు సంతకం లేకుండా ల్యాబులో సీసా కూడా కదిలేది కాదు.

సత్యనారాయణ గారనే రైతు తన పశువుల పాక పక్కన ఒక పురుగుమందుల వ్యాపారికి గోడౌను అద్దెకిచ్చారు. అంతకు రెండు మూడేళ్ల ముందు వచ్చిన తుఫానులో దాని కప్పు లేచిపోయి, బీహెచ్‌సీ పొడి బస్తాలు తడిసి, మందంతా పెరట్లోకి దిగింది. అది ఏళ్ల తరబడి మట్టిని వదలని మందు. పెరట్లో గడ్డి మొలవలేదు. ఆవు పాలల్లోనూ మందు బయటపడడంతో పాలకేంద్రం వాళ్లు పాలు పోయించుకోవడం మానేశారు. విసిగిపోయిన ఆయన ఆ మట్టి తవ్వించి పంటకాలువ గట్టున పోయిస్తానన్నారు. అదే జరిగితే విషం దిగువ చేలన్నిటికీ చేరుతుంది. ఒక్క పంటకాలం ఆగమని బతిమాలాను.

"ఆయ్, ఆగుతానండి. కోతల దాకానే" అన్నారు.

ప్రధాన కార్యాలయం పంపిన కల్చర్, అంటే బతికున్న బాక్టీరియా ద్రావణం, పెరడంతా చల్లాం. ఫ్లాస్కులో మందును చకచకా తినేసిన ఆ బాక్టీరియా ఇక్కడ వారం తిరక్కుండా చచ్చిపోయింది. రెండోసారీ అంతే.

ఒకరోజు నమూనాలు తీస్తుంటే ఆయన భార్య మంగాయమ్మ గారు కాఫీ తెచ్చిచ్చి, గోడౌను గోడ వైపు చూపించారు. "పాక కడిగిన నీళ్లు అటే పోతాయండి. అక్కడ గరిక లేస్తోంది, చూసేరా?"

చూడలేదు. మురుగు పారే చోటని ఆ మూల వదిలేశాను.

అక్కడి మట్టి ల్యాబుకి తెచ్చాను. పోషకాల జెల్లీ పోసిన ప్లేటు మీద బీహెచ్‌సీని తెల్లటి పొరలా పరిచి, మట్టి కలిపిన నీళ్లు రాస్తాం. మందు తినే బాక్టీరియా ఉంటే దాని చుట్టూ ఆ పొర కరిగి, అద్దంలాంటి వలయం పడుతుంది. ఐదో రోజు ఉదయం చూస్తే ప్లేటు నిండా వలయాలే. ప్లేటు పట్టుకుని పరుగెత్తి, తలుపైనా తట్టకుండా ప్రిన్సిపల్ సైంటిస్టు గదిలోకి వెళ్లిపోయాను. ఆయన ప్లేటును వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశారు.

"కల్చర్ పెంచండి. సంతకం తర్వాత పెడతాను" అన్నారు.

ఆ బాక్టీరియాను పేడ ఎరువులో వృద్ధి చేసి పెరటి మట్టిలో కలిపించాం. తడి ఆరకుండా చూసే పని మంగాయమ్మ గారు తీసుకున్నారు. నేను సెలవు రోజుల్లోనూ బస్సెక్కి వెళ్లి చూసొచ్చేవాణ్ణి. కోతలనాటికి గ్యాస్ క్రొమటోగ్రాఫ్ కాగితం వచ్చింది. మందు ఎంతుందో గీతల ఎత్తుతో చూపే యంత్రం అది. నిటారుగా ఉండే గీతలన్నీ కుంగిపోయాయి, ఒక్కటి తప్ప. అది బీహెచ్‌సీలో బీటా అనే మొండి రకం. కాగితం చూసి సత్యనారాయణ గారు ఇంకా ఉందా అని అడిగారు. ఉందన్నాను.

"తగ్గింది కదండి. మట్టి కదపన్లెండి" అన్నారు.

మిగిలింది తగ్గడానికి మరి రెండేళ్లు పట్టింది.

బయటినుంచి తెచ్చిన జీవి కొత్త మట్టిలో నిలదొక్కుకోవడం కష్టం. విషం చాలాకాలం నిలిచిన చోటే దాన్ని తినడం నేర్చిన జీవిని వెతకాలి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నా ఫీల్డు పుస్తకంలో మొదటి పేజీ ఆ ఇంటివాళ్లు చెప్పిన మాటలకే ఉంచాను. నా కొలతలు రెండో పేజీ నుంచి మొదలయ్యేవి.