పాత పేరు చెప్పిన కంప్యూటర్

మధ్యాహ్నం బగారన్నంలో లవంగం పంటికింద పడగానే విఠల్ సార్ గుర్తొచ్చారు. కరీంనగర్‌లో నేను పనిచేసిన ఒక ప్రైవేటు ఆసుపత్రి కంప్యూటర్ విభాగానికి ఆయన పెద్ద. బుగ్గన లవంగం లేనిదే మాట్లాడేవారు కాదు. మహారాష్ట్ర అంచునున్న ఆయన ఆసిఫాబాద్ యాస విని కొత్తవాళ్లంతా మరాఠీ మనిషి అనుకునేవారు. ఆయన నవ్వి ఊరుకునేవారు.

మా దగ్గర ఒకే పెద్ద సర్వర్‌లో ఇరవై కంప్యూటర్లు నడిచేవి. విడి యంత్రాలు కావవి, పెద్ద ఇంట్లో కిరాయికున్న కుటుంబాల లాంటివి. ఆ ఇంటిని నడిపే సాఫ్ట్‌వేర్ పాతబడితే, అన్నిటినీ కొత్తదాని మీదికి తరలించే పని మా విభాగంలోనే ఉన్న శ్రావంతికి అప్పగించారు. పని పూర్తయిందని చెప్పి, తల్లి కంటి ఆపరేషన్ కోసం ఆమె మంథని వెళ్లింది. మర్నాడే ఆ ఇరవైలో ఒకటైన ల్యాబ్ కంప్యూటర్ మొరాయించింది. మేనేజర్ నన్ను రిపోర్టు రాయమన్నాడు. ఆమె అబద్ధమాడిందని తేలితే ఉద్యోగం ఊడుతుందని నాకు తెలుసు. దేనిమీద నడుస్తున్నావని ఆ కంప్యూటర్‌నే అడిగాను. పాత సాఫ్ట్‌వేర్ పేరు చెప్పింది. మూడుసార్లు అడిగినా అదే పేరు. ‘తరలించలేదు’ అని రాసేశాను. నాకంటే వెనక చేరి నాకంటే ముందు పై పోస్టుకెళ్లిందన్న కడుపుమంట కూడా ఆ మాటలో ఉంది.

విఠల్ సార్ కాగితం చదివారు.

“నువ్వు చూసినవా బిడ్డా, అది చెప్పిందా?”

అదే చెప్పిందన్నాను.

“కిరాయికున్నోన్ని అడిగితే దర్వాజ మీదున్న పేరే చెప్తడు. ఇల్లు చేతులు మారింది వానికేం ఎరుక?”

లోపలికి తీసుకెళ్లి అసలు సర్వర్ తెరిచి చూపించారు. ల్యాబ్ కంప్యూటర్ కొత్తదాని మీదే ఉంది. కొత్త పేరు చూసి అది తడబడకుండా ఉండాలని, కొత్త సాఫ్ట్‌వేరే పాత పేరుతో పలికేలా శ్రావంతి అమర్చింది. మొరాయించడానికి కారణం ల్యాబ్ గదిలో వదులైన ఒక కేబుల్. సిగ్గుతో కాగితం చింపబోతే సార్ ఆపారు.

“చింపుతె అయిపోదు. ఆమెకు నువ్వే చెప్పు.”

మంథనికి ఫోన్ చేసి శ్రావంతికి అంతా చెప్పాను. ఆమె మెల్లగా, “నన్నొక్క మాట అడుగుతె చెప్పకపోదునా అక్కా” అంది.

సార్ పోయి మూడేళ్లయింది. ఇప్పుడు నా కింద ఎనిమిది మంది పనిచేస్తున్నారు. ఎవరి మీద ఎవరు కాగితం తెచ్చినా ముందు సార్ ప్రశ్నే వేస్తాను. తర్వాత శ్రావంతి మాట చెప్పి, ఆ మనిషికే ఫోన్ చేయమంటాను. ఆనాడు నేను యంత్రాన్ని మూడుసార్లు అడిగాను, రాసేముందు ఆమెకు ఒక్క ఫోన్ చేయలేదు.