కూతకు సరిపడా స్పిరిట్

మా ఆవిడది మిర్యాలగూడ. ఉప్పుడు బియ్యం మిల్లు వెనకాలే వాళ్ల ఇల్లు. నేనేమో సూర్యాపేటలో ధాన్యం దుకాణం వాణ్ణి. పెళ్లయి వచ్చిన కొత్తలో మధ్యాహ్నం అన్నం వేళకు పెట్టేది కాదు. అడిగితే, "టైమైందని నాకెట్ల ఎరుక? గీడ కూత పడదు గద" అనేది. గోడ మీది గడియారం చూపిస్తే, "గడియారం పిలుస్తదా?" అని నా మీదికే వచ్చేది.

వాళ్ల నాన్న మిల్లులో ధాన్యం ఉడకబెట్టే బాయిలర్‌కు ఆవిరి కూత ఉండేదట. మధ్యాహ్నం అది మోగితే హమాలీలు భుజాల మీది సంచులు దించేవాళ్లు. ఆయన తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి ఊక దులుపుకుంటూ ఇంటికి నడిచేవాడు. ఆయన గడప తొక్కేలోపు వాళ్లమ్మ కంచం పెట్టేసేది. ఈ ముచ్చట నేను ఎన్నిసార్లు విన్నానో. ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేది.

మామగారు పోయాక మిల్లు అమ్మేశారు. చాలా ఏళ్ల తర్వాత నిడమనూరులో ఏదో పెళ్లికి పోయి వస్తూ, అటువైపు కారు తిప్పమంది. పొగగొట్టం లేదు, గోదాం లేదు. చదును చేసి ప్లాట్లు కొట్టి హద్దురాళ్లు పాతారు. దిగి కాసేపు నిలబడింది. ఏడుస్తుందేమోనని నేను భయపడ్డాను. ఏడవలేదు. కారు ఎక్కాక, "పోతే పాయె గని, గా కూత ఒక్కసారి ఇంటే సాలు" అంది.

నాకో జబ్బుంది. ఇంట్లోవాళ్లు ఏదైనా కావాలంటే అది తెచ్చి చేతిలో పెట్టేదాకా మనసు మనసులో ఉండదు. ప్రేమ అని చెప్పుకోవచ్చు గానీ అందులో సగం మొండితనం. చీరో గొలుసో అడిగితే ఆ రోజే తెచ్చేవాణ్ణి. కూల్చేసిన మిల్లు కూతను ఏ దుకాణంలో అడగాలి?

దారి కోదాడలో దొరికింది. బంధువుల గృహప్రవేశానికి వెళితే, పక్కింట్లో ఉండే రిటైరైన లెక్చరర్ గారు కార్ల షెడ్డులో చిన్న లేతు పెట్టుకొని బొమ్మ ఆవిరి ఇంజన్లు చేస్తున్నారు. అరచేతిలో పట్టే బాయిలరు, పక్కన ఓ చక్రం, పైన చిటికెన వేలంత కూతగొట్టం. నేను వదల్లేదు. వచ్చిన పని మరిచి ఆయన షెడ్డులోనే కూర్చున్నాను. చివరికి ఆయనే విసిగి ఓ ఇంజను ఇచ్చారు. బర్నర్ మాత్రం ఇవ్వలేదు.

"బర్నర్ మీరే కుదుర్చుకోవాలండీ షావుకారు గారూ. అది బాయిలర్‌కి తగ్గట్టుండాలి. మంట ఎక్కువైతే అతుకు కరుగుద్ది, తక్కువైతే చక్రం తిరుగుద్ది గానీ కూత రాదు. కూత చాలా ఆవిరి తాగుద్దండీ" అన్నారు. గేటు దాకా వచ్చి మరో మాట కూడా చెప్పారు. "స్పిరిట్ ఎప్పుడూ నీళ్లకంటే ముందే అయిపోవాలి. కొలిచి పోయండి. నీళ్లయిపోయాక మంట ఉంటే బాయిలర్ దక్కదు."

ఇంటికొచ్చి బల్ల మీద పెడితే మా ఆవిడ కొంగుతో మూతి మూసుకొని నవ్వింది. "మిల్లు కొనుక్కొచ్చిన్రా?" అంది. నవ్వింది గానీ, ఆ కూతగొట్టాన్ని వేలితో తాకి చూడటం నేను గమనించాను.

మొదట స్కూళ్లకు సైన్సు సామాన్లు అమ్మే దుకాణంలో గాజు స్పిరిట్ దీపం కొన్నాను. అది బాయిలర్ కిందికి దూరేంత పొట్టిది కాదు. ఇంజను కింద ఇటుకలు పెట్టి లేపాను. ఒక్క వత్తి, ఒక్క సన్నని మంట. చాలాసేపు కాచుకున్నాం. నీళ్లు గోరువెచ్చనయ్యాయి. "చాయ్‌పత్తి ఏసుకుందామా మరి?" అంది మా ఆవిడ.

నాకు పౌరుషం వచ్చింది. బూటు పాలిష్ డబ్బా ఖాళీ చేసి, దూది కూరి, పైన జల్లెడ ముక్క బిగించాను. ఇంట్లో కరోనా నాటి శానిటైజర్ సీసాలు మిగిలి ఉంటే, దండగ ఎందుకని అదే పోశాను. షావుకారు బుద్ధి ఎక్కడికి పోతుంది? పచ్చటి మంట బాయిలర్‌కు రెండువైపులా ఎగబాకింది. నల్లటి పొగ లేచి వసారా కప్పుకు అంటింది. ఇత్తడంతా మసిబొగ్గు అయిపోయింది. మా ఆవిడ మాత్రం సంబరపడింది. ఊక మంటల దగ్గర పెరిగిన మనిషి మరి. "ఇగో, ఇప్పుడు మిల్లు లెక్క ఉన్నది" అని చప్పట్లు కొట్టింది. చక్రం గిరగిరా తిరిగింది. కూత మర విప్పితే మాత్రం ఉస్సుమని గాలి వచ్చింది, అంతే.

మసి కడిగీ కడిగీ నాకు జ్ఞానోదయమైంది. పెద్ద మంట వేరు, వేడి మంట వేరు. పక్కల నుంచి ఎగబాకే మంట ఊరికే పోతుంది. పొట్టిగా, నీలంగా, బాయిలర్ అడుగును నాకుతున్నట్టు ఉండాలి. మందుల దుకాణం స్పిరిట్ తెస్తే వత్తి మీద జిగట మిగిలింది. చివరికి వడ్రంగులు లక్క పాలిష్‌కు వాడే స్పిరిట్ కుదిరింది. ఇత్తడి గిన్నెలకు మాట్లు వేసే అతని దగ్గర కూర్చొని కొత్త బర్నర్ చేయించాను. వేడి తగలకుండా స్పిరిట్ డబ్బా బయట ఉంటుంది. దాని నుంచి సన్నని గొట్టం బాయిలర్ కిందికి పోయి, వరసగా నిలబడ్డ పొట్టి గొట్టాలకు స్పిరిట్ అందిస్తుంది. ఆ పొట్టి గొట్టాల్లో వత్తులు.

వత్తులు చేసే పని మా ఆవిడ తీసుకుంది. కార్తీకమాసం వత్తులు చేసిన చెయ్యి కదా, దూదిని అరచేతిలో పెట్టి గట్టిగా పేనింది. అలవాటు చొప్పున కాస్త నూనె కూడా రాసింది. వెలిగిస్తే మల్లెమొగ్గంత మంట వచ్చి అంతలోనే ఆరిపోయింది. మళ్లీ వెలిగిస్తే మళ్లీ అంతే. బిగుతు వత్తిలోకి స్పిరిట్ ఎక్కడం లేదు. ఆ సంగతి తేలాక అటక మీది పాత ట్రంకుపెట్టె దించి, ఎప్పటిదో కిరోసిన్ స్టవ్ వత్తుల కట్ట తీసింది. "పారేయమన్నరు గద మీరు" అని దెప్పుతూ వాటిని వదులుగా గొట్టాల్లోకి దించింది. లాగితే జారాలి, వదిలితే నిలవాలి. అంతే కిటుకు.

కొత్త బర్నర్‌ను పెరట్లో ఎండలో వెలిగించాం. అక్కడే కొంప మునగబోయింది. స్పిరిట్ మంట ఎండలో కనపడదు. నేను వంగి చూస్తే వత్తులు ఊరికే నిలబడి ఉన్నట్టున్నాయి. మా ఆవిడ కూడా వంగి చూసింది. "పొగ లేదు గద, ఆరింది. జర స్పిరిట్ పోయున్రి" అంది. పుట్టినప్పటి నుంచీ పొగగొట్టం చూసి మంట ఉందో లేదో చెప్పిన ఇల్లు వాళ్లది. నేనూ నమ్మి డబ్బాలో సీసా వంచాను. భగ్గుమని సీసా మూతికి అంటుకుంది. చెయ్యి విదిలిస్తే కనపడని మంట బండల మీద పరుగెత్తింది. తొట్టి పక్కన తడిసి పడున్న గోనెసంచి తెచ్చి ఆమే దాని మీద కప్పింది. నా చేతి మీది వెంట్రుకలు కమిలాయి, అంతకుమించి ఏమీ కాలేదు. ఆమె మాత్రం ఆ తడి సంచి మీదే కూలబడి నా చెయ్యి పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసింది. "నాకు ఏ కూతా వద్దు, ఏం వద్దు. మీరు సల్లగుంటే సాలు" అని, దీన్ని తీసుకపోయి కోదాడాయనకే ఇచ్చి రమ్మంది.

నేను ఇవ్వలేదు. మొండితనం అన్నాను కదా. ఆ తర్వాత వసారా నీడలోనే వెలిగించేవాణ్ణి. మంట ఉందో లేదో అగరుబత్తి కొన పెట్టి చూసుకునేవాణ్ణి. వేడి చల్లారనిదే సీసా మూత తీసేవాణ్ణి కాదు. నోటితో ఊది ఆర్పబోతే మా ఆవిడ ఒప్పుకునేది కాదు. దీపాన్ని ఊదకూడదట. ఇత్తడి మూత చేయించి మెల్లగా కప్పి కొండెక్కించేది. ఊదితే స్పిరిట్ చిమ్ముతుంది కాబట్టి ఆమె చెప్పిందే సరైన పద్ధతి అయింది.

అయినా కూత రాలేదు. గాలికి మంట ఊగకుండా నేను చుట్టూ రేకు బిగించాను. మంట లోపల నిలవకుండా రేకు సందుల్లోంచి బయటికి వచ్చేది. ఇంకా బిగించాను, ఇంకా బయటికి వచ్చింది. కొన్నాళ్లు దాని ముఖం చూడలేదు. ఓ రోజు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మా ఆవిడ అంది. "ఊపిరాడుతలేదు దానికి. బయటికొచ్చి గాలి ఎతుక్కుంటాంది. మా నాయిన పొయ్యి కింద తలుపు తెరిచి పెట్టెటోడు. కింద తొవ్వ ఇయ్యున్రి." రేకుకు అడుగున బెజ్జాలు కొట్టాను. మంట లోపలికి పోయి, నీలంగా, గమ్మున కూర్చుంది.

మర్నాడు మార్కెట్ బంద్. ఎసట్లో బియ్యం వేసి వచ్చి ఆమె వసారా మెట్టు మీద కూర్చుంది. కూతకు సరిపడా స్పిరిట్ కొలిచి పోశాను. చక్రం తిరగడం మొదలైంది. నేను తొందరపడకుండా చక్రాన్ని ఆపి, ఆవిరి నిండనిచ్చాను. ఆ తర్వాత కూత మర విప్పాను.

వచ్చింది. కూ... అని సన్నగా, కుక్కరు ఈల కంటే సన్నగా. ఇంత పాటుపడింది దీనికా అని నాకు తల కొట్టేసినట్టయింది. మిల్లు కూత ఊరంతా వినబడేదట. ఇది మా పెరటి గోడ కూడా దాటదు. ఆమె ముఖం చూశాను. నవ్వలేదు. లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆమె మనసు విరిగిందనుకున్నాను. ఆ ఇంజన్ని గోడకేసి కొట్టాలనిపించింది.

అప్పుడు వంటింట్లో స్టీలు కంచాల చప్పుడైంది. పీటలు వాల్చిన చప్పుడు, మంచినీళ్ల చెంబు పెట్టిన చప్పుడు. "రాన్రి మరి. కూత పడ్డది గద" అని కేకేసింది. వెళ్లి చూస్తే వేడన్నం పెట్టి, కళ్లు తుడుచుకుంటూ నెయ్యి వేస్తోంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా తిన్నాం.

అప్పటి నుంచి నేను ఇంట్లో ఉన్న ప్రతి రోజూ అదే పద్ధతి. కూత, కంచాల చప్పుడు, కేక. అవి ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. జబ్బు పడ్డాక కూడా, దవాఖాన నుంచి వచ్చిన రోజుల్లో, "స్పిరిట్ ఉన్నదా?" అని అడిగేది. లేవలేని రోజుల్లో నేనే కూత వేసి, నేనే కంచం పట్టుకుపోయి మంచం దగ్గర కూర్చునేవాణ్ణి. ఆమె నా కంచం అంచును వేలితో టక్కుమని కొట్టేది. అన్నం పెట్టినట్టే లెక్క.

ఆమె పోయి ఏడాది దాటింది. దుకాణం కొడుకు చూసుకుంటున్నాడు. మధ్యాహ్నం ఇంట్లో నేనొక్కణ్ణే. ఇంజన్ వెలిగిస్తూనే ఉన్నాను గానీ, స్పిరిట్ సగమే పోస్తాను. చక్రం తిరుగుతుంది, కూతకు ఆవిరి చాలదు. కావాలనే అలా పోస్తాను. కొడుకు ఓసారి, "కూత ఎందుకు వస్తలేదు నాయినా, బర్నర్ చెడిందా?" అని అడిగాడు. అవునన్నాను.

మొన్న వత్తులు మార్చాల్సి వచ్చింది. ఆమె కట్టలోవే, ఇంక కొన్నే మిగిలాయి. వదులుగా దించి, లాగి చూసి, ఎందుకో ఈసారి స్పిరిట్ నిండుగా కొలిచి పోశాను. అగరుబత్తి పెట్టి చూశాను, మంట ఉంది. ఆవిరి నిండింది. మర విప్పాను. కూ... అని నిండుగా, ఎప్పుడూ లేనంత చక్కగా మోగింది.

నేను వంటింటి వైపు తిరిగి కూర్చున్నాను. స్పిరిట్ అయిపోయి మంట దానంతటదే ఆరేదాకా అలాగే కూర్చున్నాను. బాయిలర్‌లో ఇంకా నీళ్లున్నాయి. ఆనాడు మిర్యాలగూడ రోడ్డు మీద ఆమె అన్న మాట నాకిప్పుడు అర్థమవుతోంది. కూత నా దగ్గర ఉంది, ఎప్పుడంటే అప్పుడు వేసుకోగలను. వంటింట్లో ఆ కంచాల చప్పుడు ఒక్కసారి ఇంటే సాలు.